పక్కన కూర్చున్నవాళ్ళ పటం

బల్జియాని నేను మొదటిసారి కలిసింది కొట్లాటకి వెళ్ళి. అల్మాటీలో మా పరిశోధనశాల పై అంతస్తులో ఆమె మనుషుల కణాలు పెంచేది. కింది అంతస్తులో నా యంత్రం ఉండేది. ప్రోటీన్లను ముక్కలు చేసి ఇస్తే ఆ ముక్కల బరువు తూచి, ఏది ఏ ప్రోటీనో పేరుతో సహా చెప్పే యంత్రం. ఆ రోజు పైనుంచి వచ్చిన గొట్టంలో గొర్రె బొచ్చు ప్రోటీన్ బయటపడింది. నాకసలే ముక్కు మీద కోపం. దడదడా మెట్లెక్కి వెళ్ళాను.

"ఇక్కడ కణాలు పెంచుతున్నారా, గొర్రెల్ని మేపుతున్నారా?"

ఆమె అద్దాల పెట్టెలోంచి చేతులు తీయకుండానే తల తిప్పి నన్ను ఎగాదిగా చూసింది.

"గొర్రెలు మేపే ఊరి పిల్లనే అక్కా. కానీ ఒంటిమీద గొర్రెని కప్పుకొచ్చింది మాత్రం నేను కాదు."

నా భుజాల మీద మా అమ్మ అల్లిన ఉన్ని శాలువా ఉంది. యంత్రం గదిలో చలి ఎక్కువని రోజూ కప్పుకునేదాన్ని. గది గదంతా నవ్వారు. నేనూ నవ్వాను గానీ కడుపులో కాస్త మంట ఉండిపోయింది. కొన్నాళ్ళకి ఆ మంట చల్లారి, ఆమె లేకపోతే నాకు టీ కూడా సహించనంత స్నేహమైంది.

బల్జియాది నరింకోల్ వైపు కొండల కింద ఊరు. బికెన్ అనే ముసలావిడ ఇంట్లో ఆఖరి పిల్లగా, అందరికంటే గారంగా పెరిగింది. ఒక అన్న, ఆ అన్నకి కుల్పాష్ అనే భార్య, వాళ్ళకి ఇద్దరు కొడుకులు. అన్న రోడ్డు ప్రమాదంలో పోతే వదిన అత్తగారి దగ్గరే ఉండిపోయింది. ఇది బల్జియా నాకు చెప్పిన కథ. అసలు సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, దాచిపెట్టి ఊరించడం నా వల్ల కాదు. బల్జియాని కన్నది ఆ కుల్పాషే. మా కజక్ ఇళ్ళల్లో కొడుకు తొలి బిడ్డను తాతా నాన్నమ్మా తమ బిడ్డగా ఒళ్ళో వేసుకుని పెంచుకోవడం ఉంది. అప్పట్నుంచి కన్నతల్లి ఆ బిడ్డకి వదిన అయిపోతుంది. అత్తగారి ముందు ఎత్తుకోదు, ముద్దాడదు. చాలా ఇళ్ళల్లో బిడ్డ పెద్దయ్యాక ఎవరో ఒకరు చెబుతారు. బికెన్ ముసలమ్మ మాత్రం ఊరందరి నోళ్ళూ మూయించింది. ఊరంతటికీ తెలుసు, బల్జియాకొక్కదానికే తెలియదు. ఆ సంగతి నాకూ చాలా ఆలస్యంగా తెలిసింది. అది మనుషులు చెబితే తెలిసింది కాదు.

విచిత్రమేమిటంటే బల్జియా కూడా తన తొలి కూతుర్ని అలాగే ఇచ్చేసింది. కస్కెలెన్‌లో ఉండే అత్తగారు పాతకాలం మనిషి. పురుడు పోసుకుని ఇంటికి రాగానే పిల్లని తన పక్కలోకి తీసుకుంది. ఇంకార్ అని పేరు పెట్టుకుంది. కోడళ్ళు అత్తింటివాళ్ళని పేరు పెట్టి పిలవకూడదు కదా, పిల్ల ఇప్పుడు ఆడపడుచు వరస, అందుకని బల్జియా దాన్ని "కుచ్చులపిల్లా" అని పిలిచేది. బల్జియా వదిన కూడా బల్జియాని ఏనాడూ పేరుతో పిలవలేదు. "గారాల పిల్లా" అనేది. మా శాల పెద్ద ఇర్మా గెన్రిఖొవ్నా ఒకసారి టీ తాగుతూ "నీకు పిల్లలెంతమంది?" అని అడిగితే, బల్జియా రెప్ప కొట్టకుండా "ఇంకా లేరండీ" అంది. అబద్ధం ఆడుతున్నానన్న ఆలోచన కూడా ఆమె మొహంలో లేదు.

ఇక మా పని సంగతి. కణం బతికున్నప్పుడు అందులో ఏ ప్రోటీన్ ఏ ప్రోటీన్‌తో చెయ్యి కలుపుతోందో పటం గీస్తాం. కణాన్ని చంపి చూస్తే లాభం లేదు, విందు అయిపోయి అందరూ ఇళ్ళకి పోయాక వాళ్ళు కూర్చున్న ఖాళీ పరుపులు చూసినట్టుంటుంది. అందుకని మనకి కావలసిన ప్రోటీన్‌కి ఒక రంగుల డబ్బా లాంటిది తగిలించి, బతికున్న కణంలోకి వదులుతాం. జుట్టుకని ఆడవాళ్ళు మింగుతారే, ఆ విటమినే రంగు. దాన్ని నీళ్ళలో కలిపి పోస్తే, ఆ ప్రోటీన్ తన పక్కన కూర్చున్న ప్రతివాడి చొక్కాకీ రంగు పూస్తుంది. ఆ తర్వాత కణాన్ని పగలగొట్టి రంగు అంటినవాళ్ళని ఏరి నా యంత్రానికి ఇస్తారు. ఎవరెవరు ఆ పక్కన కూర్చున్నారో నేను పేర్లు చెబుతాను. ఆ పేర్లని చుక్కలుగా పెట్టి గీతలతో కలిపితే పటం. దాన్ని మేం దస్తర్‌ఖాన్ అనుకునేవాళ్ళం. భోజనాల బట్ట పరిచాక ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూస్తే ఆ ఇంటి లోగుట్టు తెలిసిపోతుంది, ఇదీ అంతే.

కుల్పాష్‌కి జబ్బు వచ్చింది. మొదట నిద్ర పట్టడం మానేసింది. తర్వాత చేతులు ఎగిరిపడటం మొదలైంది. తర్వాత నాలుక మందమైంది. ఆమె పుట్టింట్లో తల్లి ఇలాగే పోయింది, మేనమామ ఇలాగే పోయాడు, అందరూ వయసు పైబడకుండానే. అది ఆ వంశంలో పారుతున్న జబ్బు. ఏ ప్రోటీన్ దగ్గర తేడా వస్తోందో గెన్రిఖొవ్నాకి ఒక అనుమానం ఉంది. వంకరపోయిన ప్రోటీన్ ఒకటి రాకూడని అతిథుల్ని పక్కన కూర్చోబెట్టుకుంటోందని ఆవిడ నమ్మకం. కుల్పాష్ చేతి మీద చర్మం చిటికెడు తెప్పించి బల్జియాకి పెంచమని ఇచ్చింది.

"దీని పక్కన పోల్చడానికి మంచి కణాలు కావాలి," అంది గెన్రిఖొవ్నా. "అదే ఇంట్లో పెరిగి, అవే నీళ్ళు తాగి, అదే తిండి తిన్న మనిషి కావాలి. కానీ రక్తసంబంధం ఉండకూడదు."

"నేనున్నాగా," అంది బల్జియా. "ఆడపడుచుని. అదే పొయ్యి, అదే కుండ. రక్తం మాత్రం వేరు."

అందరం అబ్బో, ఇంతకంటే తగిన మనిషి దొరకదు అనుకున్నాం. ఆమె చెయ్యి చాపింది, చర్మం తీశారు. వదిన పళ్ళేలకి నీలం మూతలు, తనవాటికి తెల్ల మూతలు. తెల్లమూతలు పొద్దున ముట్టుకునేది, నీలంమూతలు మధ్యాహ్నం. మధ్యలో అద్దాల పెట్టెని తుడిచి, తొడుగులు మార్చి, చేతులు మోచేతుల దాకా కడిగేది. రెంటికీ ఒకే గులాబీ రంగు నీళ్ళు పోసి, ఒకే వెచ్చటి అలమరలో పెట్టేది. పళ్ళేలతో కబుర్లు కూడా చెప్పేది. "వదినా, ఇవాళ ఒళ్ళు చేశావే," అనేది నీలంమూత ఎత్తి. మేం నవ్వేవాళ్ళం.

కుల్పాష్ పళ్ళేల పటం ముందు వచ్చింది. గెన్రిఖొవ్నా అనుకున్నట్టే ఉంది. ఆ వంకర ప్రోటీన్ చుట్టూ ఎక్కడెక్కడివో మూగి ఉన్నాయి. కణానికి కరెంటు తయారుచేసేవి, చెత్త మోసేవి, వాటి పని మానుకుని వచ్చి ఇక్కడ చతికిలబడ్డాయి. ఒకసారి కూర్చున్నవి లేవడం లేదు. బల్జియా దాని ముందు చాలాసేపు నిలబడింది.

"పాపం, నా మేనల్లుళ్ళు," అంది. "వాళ్ళకీ వస్తుందేమో అక్కా."

తెల్లమూతల పటం ఆ తర్వాత వారంలో వచ్చింది. తెరమీద చుక్కలు ఒక్కొక్కటే పడుతుంటే నేను చూస్తున్నాను. మొదట పొరపాటున పాత పటం తెరిచాననుకున్నాను. మూసి మళ్ళీ తెరిచాను. అవే చుక్కలు, అవే గీతలు. అదే చెత్త మోసేవాడు, అదే చోట కూర్చుని ఉన్నాడు.

గెన్రిఖొవ్నా ఒకే మాట అంది. "పళ్ళేలు కలిసిపోయాయి."

బల్జియా మొహం కందగడ్డ అయింది. "నా చేతిలోనా? నన్ను దొంగ అనండి, పడతాను. పళ్ళేలు కలిపానని మాత్రం అనకండి."

"అయితే ఇదేంటి?"

"మళ్ళీ చేస్తా. రిమ్‌కేష్ అక్కని నా పక్కన కూర్చోబెట్టండి. దగ్గరుండి చూస్తుంది. శాలువా లేకుండా," అని నన్ను చూపించింది.

కొత్తగా చర్మం తీశారు. ఈసారి నీలంమూతలు వేరే గదికి పంపేశారు. ఆ రోజులన్నీ నేను ఆమె పక్కనే కూర్చున్నాను. అంత శుభ్రంగా పని చేసే చేతుల్ని నేను చూడలేదు. లోపల లోపల దేవుణ్ణి వేడుకున్నాను, ఆమె తప్పు చేసి ఉండాలని. తప్పు ఆమెదైతే అంతటితో పోతుంది. గొట్టాన్ని నేనే నా యంత్రానికి పెట్టాను.

మళ్ళీ అదే పటం వచ్చింది.

గదిలో ముగ్గురమే ఉన్నాం. బల్జియా తెర వైపే చూస్తూ మెల్లగా అంది. "అంటుకుందేమో. సెలవులప్పుడు వదిన పక్కనే పడుకునేదాన్ని, ఆవిడ గిన్నెలోనే టీ తాగేదాన్ని."

"ఇది అంటుకునేది కాదమ్మా," అంది గెన్రిఖొవ్నా. ఆవిడ ఎవర్నీ అమ్మా అనదు. "మీ అమ్మగారు నిన్ను ఏ వయసులో కన్నారు?"

బల్జియా నవ్వింది. "యాభైకి దగ్గర్లో. ఊళ్ళో ఇప్పటికీ వింతగా చెప్పుకుంటారు. ముసలితనంలో..."

ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. నా వైపు తిరిగింది. నేను కజక్ ఇంటి పిల్లనే, ఆమె ఏం అడగబోతోందో నాకు తెలుసు. కిటికీలోంచి బయటకి చూశాను. నేను చూపు తిప్పుకోవడమే ఆమెకి జవాబైంది.

శనివారం నా పాత బండిలో ఊరికి బయల్దేరాం. దారిపొడుగునా గాలి బండిని పక్కకి తోస్తూనే ఉంది. కనుమ దిగేటప్పుడు బల్జియా హఠాత్తుగా మొదలుపెట్టింది.

"చిన్నప్పుడు నాకు వదినంటే కోపం అక్కా. కొడుకులకి మాంసం ముక్కలు ఏరి పెట్టేది, నా వైపు చూసేది కాదు. కానీ తల రుద్దడం మాత్రం తనే రుద్దాలి. గుర్రాల పాక వెనక కూర్చోబెట్టి పుల్లటి మజ్జిగ పోసి రుద్దేది. అయిపోయినా వదిలేది కాదు. చాలు వదినా, చలేస్తోంది అని ఏడిచేదాన్ని. ఇంకొంచెం, ఇంకొంచెం అనేది."

నాకు రోడ్డు మసకబారింది. బండి పక్కకి ఆపి కళ్ళు తుడుచుకుని మళ్ళీ నడిపాను. "దుమ్ము," అన్నాను.

ఇంట్లో పొయ్యి పక్కన బొంతల మీద కుల్పాష్ ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎప్పుడూ తెరిచే ఉంటాయిట. చేతులు వాటంతటవే ఎగిరిపడుతున్నాయి. తెల్ల తలగుడ్డతో బికెన్ ముసలమ్మ లోపలికి రాగానే ఆ స్థితిలో కూడా లేచి కూర్చోబోయింది. అత్తగారు వస్తే కోడలు పడుకుని ఉండకూడదు కదా. నాకు ఆ ముసలమ్మ మీద అరవాలనిపించింది. కానీ ఆవిడే వంగి కోడలి భుజం నొక్కి పడుకోబెట్టింది, ఆ చేతిలో మెత్తదనం ఉంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు.

బల్జియా రెండు పటాలూ భోజనాల బట్ట మీద పరిచింది.

"ఏంటే ఈ చుక్కలు? దోమలు వాలినట్టున్నాయ్," అంది ముసలమ్మ.

"ఒకటి వదిన ఒంట్లోది, ఒకటి నా ఒంట్లోది. ఏది ఎవరిదో చెప్పమ్మా."

ముసలమ్మ కళ్ళు చికిలించి ఇటూ అటూ చూసింది. "చెప్పడానికేముంది, రెండూ ఒకటేగా."

ఆ మాట అన్నాక ఆవిడే ఉలిక్కిపడింది.

"నువ్వు నా కూతురివి," అంది గొంతు పెంచి. "బొడ్డు ఊడకముందే నా ఒళ్ళోకొచ్చావ్. పాల్లేని రొమ్ముకి కరుచుకుని ఏడుస్తుంటే, గొర్రె తోక కొవ్వు నోట్లో పెట్టి పెంచాను. ఎవరి కూతురివని అడిగే మొగాడు ఈ ఊళ్ళో పుట్టలేదు. కాయితం మీద చుక్కలు పెట్టుకుని నువ్వొచ్చి అడుగుతావా?"

"కాదనట్లేదమ్మా. నీ కూతుర్నే." బల్జియా ముసలమ్మ వైపు జరిగింది. "నాకు ఆ జబ్బు ఉందా లేదా అని అడుగుతున్నా. అంతే."

ముసలమ్మకి అప్పుడు అర్థమైంది. ఆమె మొహంలో రంగు దిగిపోవడం నేను చూశాను. పిల్లని తనది చేసుకుంటే ఆ వంశం జబ్బు కూడా గడప బయటే ఆగిపోతుందని ఇన్నేళ్ళూ నమ్మింది కాబోలు. కుల్పాష్ కళ్ళు అత్తగారి మీదే ఉన్నాయి. కదిలే శక్తి లేదు, మాట సరిగా రాదు, అయినా అనుమతి అడుగుతోంది.

ముసలమ్మ తలగుడ్డ కొసతో నోరు కప్పుకుని లేచింది. పిడకల బుట్ట తీసుకుని బయటికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. పొయ్యి నిండా పిడకలు ఉన్నాయి.

కుల్పాష్ పెదవులు చాలాసేపు కూడదీసుకుంది.

"బల్... జియా."

ఆ ఇంట్లో ఆమె నోటి నుంచి ఆ పేరు రావడం అదే మొదలు. బల్జియా మోకాళ్ళ మీద కూలబడి ఆమె ఎగిరిపడే చేతిని రెండు చేతుల్తో పట్టుకుంది. కుల్పాష్ ఇంకేదో అడగాలని చూస్తోంది. మేం ఇద్దరం వంగి చెవులు దగ్గర పెట్టాం.

"నిద్ర... పడుతోందా నీకు?"

"పడుతోంది," అంది బల్జియా. "హాయిగా పడుతోంది."

అది నిజమో అబద్ధమో నేను తర్వాత కూడా అడగలేదు.

అల్మాటీకి తిరిగొచ్చాక బల్జియా సోమవారం పనిలోకి వచ్చింది. తన పళ్ళేల తెల్లమూతలు తీసేసి నీలంమూతలు పెట్టింది, మామూలుగా నీళ్ళు మార్చింది. పోల్చడానికి ఇంకెవరినో వెతకాలి అనుకుంటున్నాం. గెన్రిఖొవ్నా ఆమె దగ్గరికి వెళ్ళి, జబ్బు తప్పకుండా వస్తుందని పటం ఒక్కటి చూసి తేల్చలేమనీ, ఇంకా వేరే పరీక్షలు ఉన్నాయనీ, తొందరపడొద్దనీ చెప్పింది. మందు సంగతి ఎత్తలేదు. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో మేం చెప్పగలం. కూర్చున్నవాళ్ళని లేపడం మాకింకా చేతకాదు.

బల్జియా అంతా విని, చేతి తొడుగులు విప్పి మడిచి పెట్టింది.

"గెన్రిఖొవ్నా, మీరు ఒకప్పుడు పిల్లలున్నారా అని అడిగారు. నాకొక కూతురుందండీ."

కుల్పాష్ ఎండాకాలం రాకముందే పోయింది. మట్టి ఇచ్చి వచ్చాక, ఒక ఆదివారం బల్జియా నన్ను కస్కెలెన్ తీసుకెళ్ళమంది. ఒంటరిగా వెళ్తే గుమ్మంలోనే వెనక్కి తిరిగి వచ్చేస్తానని భయం. దారిలో ఏం చెప్పాలో నాతో అనుకుంటూనే ఉంది. పిల్లకి ఇప్పుడే పరీక్షలు వద్దు, పెద్దయ్యాక దాని ఇష్టం, కానీ ఇంట్లో పెద్దవాళ్ళకి మాత్రం తెలిసి ఉండాలి. ముసలమ్మ చేసినట్టు ఇంకోసారి జరగకూడదు.

అత్తగారు మంచి మనిషి. మమ్మల్ని గొప్ప అతిథులు కూర్చునే పై చోట కూర్చోబెట్టి, పాల టీ పోసి, నూనెలో వేయించిన వేడి బావుర్సాకు రొట్టెలు ముందు గుమ్మరించింది. మరీ అంత ప్రేమగా చూస్తే చెప్పవలసిన మాట గొంతులోనే ఉండిపోతుంది. బల్జియా మూడు గిన్నెలు తాగి నాలుగోది చేతిలో పట్టుకుని చెప్పింది. కుల్పాష్ తనకి వదిన కాదని, తల్లి అని, ఆ జబ్బు తన ఒంట్లో ఉందని, తన రక్తంలోంచి పిల్లల్లోకి దిగొచ్చని.

అత్తగారు చెంపలు నొక్కుకుంది. లేచొచ్చి బల్జియాని దగ్గరికి తీసుకుంది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది, అల్లాని పిలిచింది. అంతా నిజమైన బాధే. తర్వాత తలగుడ్డ కొసతో మొహం తుడుచుకుని, ఏదో బరువు దిగినట్టు ఊపిరి తీసింది.

"పోనీలే, దేవుడు ఆ మాత్రం దయ చూపించాడు. మా ఇంకార్‌కేం భయం లేదు. అది నా కూతురు. నీ పుట్టింటి జబ్బుతో దానికేం పని?"

నేను బల్జియా వైపు చూశాను. ఈమధ్య నా చూపు ముందు ఆమె చేతుల మీదకే పోతుంది. గిన్నె కదలకుండా ఉంది.

అప్పుడే పెరట్లోంచి ఇంకార్ పరిగెత్తుకుంటూ వచ్చింది. జడకుచ్చులు ఊడి చేతిలో ఉన్నాయి.

"వదినా! ఇవి కట్టవా?"

పిల్ల ముందు అయినా, అత్తగారి ముందు అయినా, కోడలు ఏ మాట వాడాలో అందరికీ తెలుసు. బల్జియా గిన్నె కింద పెట్టింది.

"ఇంకార్," అంది. "ఇలా రా తల్లీ. ముందు తల రుద్దుతాను."

అత్తగారి చేతిలో టీ కూజా గాల్లోనే ఆగిపోయింది. కోడలి నోట ఆ పేరు ఎప్పుడూ వినలేదు. ఆవిడ బల్జియాని చూసింది, పిల్లని చూసింది, మళ్ళీ బల్జియాని చూసింది. ఇద్దరి నుదుళ్ళూ ఒకేలా ఉన్నాయి. ఇన్నాళ్ళూ అది ఆవిడకి కనపడలేదు. పిల్ల వెళ్ళి బల్జియా ఒళ్ళో కూర్చుంది.